తలకుర్చీకి రంగు

సిలారుకు కూర్చోవడం రాదు.

ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు, అతనే ఒప్పుకున్న సంగతి. ఊరవతల, బండమీది దర్గాలో ప్రతి గురువారం సాయంత్రం పక్కీరప్ప సామి చుట్టూ పది పదిహేను మంది చేరి, కళ్ళు మూసుకుని దేవుడి పేరు తలుచుకుంటారు. వాళ్ళు మూసిన కళ్ళు తెరిచేలోపు సిలారు పదిసార్లు లేస్తాడు. దీపం వత్తి ఎగదోసి వస్తాడు. గడప బయట చెప్పులు వంకరగా ఉన్నాయని సర్ది వస్తాడు. లోపలికి మేక వస్తుందేమోనని తోలి వస్తాడు. ఒకసారి రాని మేకను కూడా తోలి వచ్చాడు.

అతను బేతంచెర్లలో పెయింటరు. వయసు నలభై దాటింది. దుకాణాల బోర్డులు, ఎద్దుల బండ్లు, బీరువాలు, పెళ్ళిమంచాలు, ఏది ఇచ్చినా కొత్తదాని కంటే బాగుందనిపించి ఇస్తాడు. నిచ్చెన మీద నిలబడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెయ్యి తొణకదు. దిగి కూర్చోమంటేనే చిక్కు. పడుకున్నా అంతే, దొర్లి దొర్లి చాప నలుగుతుంది కానీ కన్ను మూతపడదు.

నాలుగేళ్ళ కిందట ఆ దర్గాకు వచ్చిందే నిద్ర పట్టక. వచ్చిన రోజే అతన్ని తలకుర్చీలో కూర్చోబెట్టారు.

తలకుర్చీ అంటే దర్గా వసారాలో ఉండే పాత టేకు కుర్చీ. వీపు పలక మనిషి తలకంటే ఎత్తు. సామికి గురువైన పెద్దాయన కాలం నుంచీ ఉంది. తలనొప్పి అనీ, నిద్ర లేదనీ, మనసు బాగాలేదనీ ఎవరు వచ్చినా సామి దర్గా దీపంలో రెండు వేళ్ళు ముంచి, ఆ ఆముదం వాళ్ళ నడినెత్తిన అద్దుతాడు. వాళ్ళు కుర్చీలో వెనక్కి ఆనుకుని తల చల్లబడేదాకా కూర్చుంటారు. వైద్యం అంతే. కొందరికి గంట పడుతుంది, కొందరికి ఒక పూట. కూర్చున్నవాళ్ళను ఎవరూ పలకరించరు, ఎందుకు వచ్చావని అడగరు.

సిలారు ఆ రోజు ఒక్క నిమిషం కూర్చుని లేచాడు. "ఎడమకాలు కదులుతా ఉంది సామీ. మేకు కొట్టాల" అన్నాడు.

కొట్టాడు కూడా. దర్గాకు అతను చేసిన మొదటి సేవ అది.

సామి తన శిష్యుల్లో కొందరికి చెవిలో ఒక మాట చెప్తాడు. ఉపదేశం అనండి, ఇంకేమైనా అనండి. ఏం మాటో విన్నవాళ్ళు బయటపెట్టరు. అది చెవిన పడితే చాలు, లోపలి గోల అణిగిపోతుందని సిలారు నమ్మకం. ఆ మాట విన్న ఓబులేసు ఇంట్లో రోజూ పెళ్ళాంతో కేకలు వేస్తాడు, అది వేరే సంగతి. సిలారు మాత్రం దర్గాలో ఏటా జరిగే ఉరుసు పండగకు రెండేళ్ళు వరసగా అడిగాడు. రెండుసార్లూ సామి "చూద్దాంలేప్పా" అన్నాడు.

మూడో ఉరుసు నెల రోజులుందనగా సిలారు కొత్త దారి పట్టాడు.

"సామీ, ఆ కుర్చీని చూస్తే నాకు సిగ్గేస్తాది. పెయింటరు శిష్యుడుండి కుర్చీ అట్లుంటే జనం నన్నే గదా అనేది. ఉరుసుకు దాన్ని కొత్తగా చేసిస్తా."

కుర్చీ చూడటానికి నిజంగానే బాగాలేదు. ఎప్పటి పచ్చరంగో పెచ్చులు లేచింది. చేతుల మీద చెక్క బయటపడింది. తల ఆనే చోట గుండ్రంగా నల్లటి మరక, అరచేతులు రెండు పక్కపక్కన పెట్టినంత.

"చెయ్యి నాయనా" అన్నాడు సామి.

"చేస్తే నాకు మాట చెప్తారా?"

సామి నవ్వాడు. ఆయనకు పై పళ్ళు లేవు. నవ్వితే చంటిబిడ్డలాగే ఉంటాడు, అందుకే ఆయన నవ్వినప్పుడు అవునన్నాడో కాదన్నాడో తెలియదు.

"కుర్చీ తయారైన పొద్దు చెప్తా" అన్నాడు ఈసారి, తేటగా.

ఇక సిలారును పట్టేవాళ్ళు లేరు. ఆ సాయంత్రమే బ్రష్షులు, ఉప్పుకాగితం, లప్పం తెచ్చుకున్నాడు. పెచ్చులు రాలగొట్టి, పైపైన రుద్ది, గుంటలన్నీ లప్పంతో పూడ్చి, మూడు రోజుల్లో రెండు పూతలు వేశాడు. చిలకపచ్చ. పైపలక మీద బంగారు రంగుతో తీగ. తీగకు మల్లెమొగ్గలు. కుర్చీ పెళ్ళికూతురులా తయారైంది. దర్గాకు వచ్చిన ఆడవాళ్ళు బుగ్గన చెయ్యి పెట్టుకుని చూశారు.

సామి కూడా చూశాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"శానా బాగుందప్పా" అన్నాడు. "ఎండలో పెట్టు."

"ఆరిపోయింది సామీ."

"ఒక పొద్దు పెట్టు."

రోహిణి ఎండలు. బేతంచెర్ల బండలు పరిచిన దర్గా వాకిట్లో మధ్యాహ్నం కాలు పెట్టలేము. అక్కడ పెట్టారు కుర్చీని. సిలారు నీడలో నిలబడి, మెచ్చుకుంటూ చూసుకున్నాడు. పొద్దు నడినెత్తి దాటేసరికి తల ఆనే చోట రంగు మెల్లగా ఉబ్బింది. ఒక బొబ్బ. పక్కన ఇంకొకటి. అతను వేలితో నొక్కితే చిలకపచ్చ పొర చిట్లి, లోపలి నుంచి బొట్టుగా ఆముదం పైకి వచ్చింది.

ఎన్ని వందల తలల నూనో. చెక్క తాగి పెట్టుకుంది.

సామి వసారాలో నుంచే అడిగాడు. "ఇంకా ఉందా?"

"ఉంది సామీ."

"ఊఁ" అన్నాడు సామి.

సిలారుకు తల కొట్టేసినట్టయింది. అసలు అతనికి తెలియని పనా? నూనె తాగిన చెక్క మీద రంగు నిలవదని పెయింటింగులో ఓనమాలు దిద్దేవాడికి కూడా తెలుసు. తొందరలో మరక మీదికే బ్రష్షు పోనిచ్చాడు. కనబడకుండా పోతే చాలు అనుకున్నాడు.

రెండోసారి జాగ్రత్త పడ్డాడు. మొత్తం గీకాడు. మరక మీద నూనె పైకి రాకుండా లక్కపాలిష్ రెండు పూతలు పట్టించాడు. దాని మీద ప్రైమరు, దాని మీద రంగు మూడు పూతలు. ఆరు రోజులు పట్టింది. ఈ ఆరు రోజులూ అన్నం సరిగ్గా తినలేదు. ముద్ద నోట్లో ఉండగానే లేచి వెళ్ళి పూత ఆరిందా లేదా అని చూసి వచ్చేవాడు. అంటుకుందేమోనని వేలు పెట్టి, వేలిముద్ర పడిందని మళ్ళీ సరిచేసేవాడు.

ఎండలో పెట్టిన మొదటిరోజు ఏమీ కాలేదు. సిలారు మీసం మెలేశాడు. రెండోరోజూ కాలేదు. అతను సామి దగ్గరికి పోయి చెవి అప్పగించేటట్టు వంగి నిలబడ్డాడు.

"ఇంకొక పొద్దు" అన్నాడు సామి.

మూడోరోజు మధ్యాహ్నం లక్క మెత్తబడి, రంగు మొత్తం పాల మీద మీగడలాగా ముడతపడింది. ముడత కింద నుంచి నూనె కారి, సన్నటి చారలాగా పలక పొడుగునా దిగింది. బంగారు తీగ మొగ్గలు రెండు దాంట్లో కొట్టుకుపోయాయి.

సిలారు కాలితో కుర్చీని ఒక్క తన్ను తన్నబోయి, దర్గా వైపు చూసి, ఆ కాలితోనే నేలను తన్నాడు. బండ కాలింది.

మరునాడు పొద్దున్నే సామి దగ్గరికి వచ్చాడు. సామి వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"సామీ, తప్పంతా ఆ పలకది. వీపు పలక ఊడబెరికి కొత్త టేకుది బిగిస్తా. నా అంగట్లో మంచి పలక ఉంది. రంగు వేసినాక అది పాతదో కొత్తదో ఎవురికీ తెలీదు."

"నీకు?" అన్నాడు సామి.

సిలారు కుర్చీ వైపు చూశాడు.

సామి ఒలిచిన గింజలు నాలుగు అతని చేతిలో పెట్టి, మళ్ళీ కాయల మీదికి వంగాడు.

సిలారు అంగడికి పోయాడు, పలక తెద్దామనే. ముందురోజు సాయంత్రం ఊళ్ళో ఈదురుగాలితో వాన పడిందట. అంగడి బోర్డు కడిగినట్టుంది. పొద్దుటి ఎండ దాని మీద ఏటవాలుగా పడుతోంది. 'సిలారు పెయింటర్' అన్న అక్షరాల కింద, పక్కనా, వేరే అక్షరాల అంచులు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. అతను సైకిలు దిగకుండానే చదివాడు. చదవక్కర్లేదు కూడా. ఏటా వానలకు ముందు అవి అట్లా తేలతాయి. ఏటా అతను నిచ్చెన వేసి ఇంకో పూత పూస్తాడు. ఏమప్పా ఏడాదికోసారి వేస్తావు అంటే, పెయింటరు బోర్డు మాసిపోతే ఎట్లా అంటాడు.

ఎనిమిదేళ్ళ కిందట దాని మీద రెండు పేర్లుండేవి. లాలప్ప, సిలారు.

లాలప్ప అన్న. పన్నెండేళ్ళు పెద్ద. నాయన పోయినాక తమ్ముణ్ణి సాకినవాడు, చెయ్యి పట్టుకుని బ్రష్షు తిప్పించినవాడు. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలని, గీత అయినాకే వదలాలని నేర్పినవాడు. ఆయనకు నలభై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఒక పెళ్ళిమంచం మీద నెమలి మెడ వంకరపోయింది. ఒక బట్టలంగడి బోర్డు మీద సున్నా కోడిగుడ్డయింది. అన్న భోజనానికి పోయినప్పుడు సిలారు వాటిని చాటుగా దిద్దేవాడు. వచ్చినాక అన్న చూసేవాడు, చూసి ఊరుకునేవాడు.

ఆయన చెయ్యి చూపించుకోవడానికి కర్నూలు పెద్దాసుపత్రికి పోయిన రోజున సిలారు నిచ్చెన వేశాడు. రెండు పేర్ల మీదా రంగు పూసి, తన పేరు ఒక్కటే రాశాడు. అన్న వచ్చినాక ఏదో ఒకటి చెప్దామనుకున్నాడు. సాయంత్రం లాలప్ప మందుల సంచితో బస్సు దిగి, అంగడి ముందుకొచ్చి, తలెత్తి కొంచెంసేపు చూశాడు. వెనక్కి తిరిగాడు. సిలారు లోపల నుంచి అంతా చూశాడు. పిలవలేదు. డబ్బాలో రంగు కలుపుతూ ఉండిపోయాడు. కలిసిన రంగునే కలిపాడు.

ఆ తర్వాత ఎవరు అడిగినా ఒకటే మాట. "చెయ్యి వణుకుతా ఉంది గదా, మా అన్నే పని మానుకున్నాడు." ఊళ్ళో అదే చెప్పాడు. దర్గాలో అదే చెప్పాడు. సామికీ అదే చెప్పాడు.

సిలారు ఆ రోజు పలక తీసుకోలేదు. నిచ్చెనా వేయలేదు.

తిరిగొచ్చి సామి ముందు నిలబడ్డాడు.

"నూనెను చెక్కలో నుంచి ఎట్ల తీయాల సామీ?"

"నీ తలకు నూనె పెట్టుకుంటే ఏంతో కడుగుతావు?"

సిలారు కుంకుళ్ళు కొట్టి నానబెట్టాడు. ఉన్న రంగు, లక్క, ప్రైమరు మొత్తం చెక్క తేలేదాకా గీకి, కుర్చీకి తలంటు పోశాడు. చూసినవాళ్ళు నవ్వారు, సీకాయ కూడా వెయ్యప్పా అన్నారు. కడిగినాక ఎండలో పెట్టాడు. గంటకు మరక తడి తేలింది. దాని మీద జల్లించిన బూడిద చల్లి, బూడిద నూనె పీల్చాక గుడ్డతో తుడిచాడు. ఇంకో గంటకు మళ్ళీ తేలింది. మళ్ళీ తుడిచాడు.

దాని పక్కన కూర్చోవడం తప్ప వేరే దారి లేదు. ఆలస్యం చేస్తే పైకి వచ్చిన నూనె మళ్ళీ లోపలికే ఇంకుతుంది. కుర్చీని ఎండలోనే ఉంచి, పక్కన వేపచెట్టు నీడలో ఒక గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. లేచాడు. కూర్చున్నాడు. చెప్పులు సర్దుదామని పోబోయి, నూనె తేలుతోందని మళ్ళీ వచ్చాడు. కాలు తిమ్మిరెక్కింది. ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. లోపల ఏదో ఒకటే రొద. అన్న మందుల సంచి, బస్సు దుమ్ము, రంగు డబ్బాలో తిరిగే పుల్ల.

సామి సాయంత్రం పూట వచ్చి అడిగేవాడు. "ఎంత వచ్చింది?"

"వస్తానే ఉంది సామీ."

మొదటి రోజు గుడ్డలు రెండు నల్లబడ్డాయి. రెండోరోజు మూడు. నాలుగోరోజుకు సిలారుకు ఏడుపొచ్చినంత పనైంది. ఉరుసుకు ఇంకా తొమ్మిది రోజులుంది. "ఇది ఈ జన్మలో అయ్యేది కాదు" అని పైకే అన్నాడు. వినడానికి ఎవరూ లేరు.

ఐదోరోజు సామి పొద్దున పూటే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరూ మరక వంక చూస్తూ కూర్చున్నారు. నూనె పలక మీద చెమటలాగా సన్నగా పట్టింది.

"సామీ" అన్నాడు సిలారు. పలక ఒకసారి తుడిచాడు. మళ్ళీ అన్నాడు. "సామీ, మా అన్న పని మానుకోలేదు."

సామి తన భుజం మీది తెల్లటి తుండుగుడ్డ తీసి అతని చేతికిచ్చాడు.

"నేనే..." అన్నాడు సిలారు.

"నాకెందుకప్పా" అన్నాడు సామి మెత్తగా. "గుట్టపాడుకు పన్నెండున్నరకు బస్సుంది. కుర్చీ నేను తుడుస్తాలే, పో."

అన్న గుట్టపాడులో ఉన్నాడని సిలారు ఆయనకెప్పుడూ చెప్పలేదు. ఎట్లా తెలుసని అడగడం కూడా మరచిపోయాడు. ఆయన తుండుగుడ్డతోనే బస్సెక్కాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా నిలబడే పోయాడు. ఏం చెప్పాలో ఒక్కో ముక్కా కూడబెట్టుకున్నాడు. దిగేసరికి ఒక్క ముక్కా మిగల్లేదు.

లాలప్ప కూతురింటి ముందు చావడిలో పత్తి ఏకుతున్నాడు. దూదేకులవాళ్ళ పాత పని. తాత చేసిన పని, నాయన వదిలేసిన పని. పైనుంచి వేలాడే పెద్ద వింటి నారిని కొయ్యగుండుతో మీటుతుంటే, అది ఝుమ్మని వణుకుతూ దూదిని చీల్చి ఎగరేస్తోంది. వణికే వింటి మీద వణికే చెయ్యి. పని చక్కగా సాగుతోంది. ఆయన మీసాలకూ, కనుబొమలకూ తెల్లగా దూది పట్టింది. దాని కింద మీసం నెరిసిందో లేదో తెలియలేదు సిలారుకు.

"అన్నా" అన్నాడు.

విల్లు ఆగలేదు. నాలుగు మీటులు మీటినాక ఆగింది.

"ఈ ఏడు బోర్డుకు రంగు వేసినావా?" అన్నాడు లాలప్ప.

"లేదన్నా."

"ఏం?"

"వేయబుద్ధి పుట్టలే."

లాలప్ప నారికి చుట్టుకున్న దూది తీస్తున్నాడు. వేళ్ళు వణుకుతున్నాయి, దూది సులువుగానే వస్తోంది.

"అన్నా, నువ్వే పని మానుకున్నావని అందరికీ చెప్పినా. ఎనిమిదేండ్లుగా చెప్తానే ఉండా."

"తెలుసు" అన్నాడు లాలప్ప. "నేను గూడా అట్లనే చెప్పినా."

"నువ్వా?"

"మరేం చెప్పాల? నా తమ్ముడు నా పేరు చెరిపినాడని చెప్పమంటావా?" అంతవరకూ నెమ్మదిగా ఉన్న గొంతు అక్కడ ఒక్కసారి పగిలింది. "ఆ పొద్దు వాకిట్లో నిలబడినా గదరా. అన్నా, లోపలికి రా అంటావేమో అని చూసినా. డబ్బా కలుపుతా కూర్చున్నావు."

సిలారు అక్కడే దూదిలో చతికిలబడ్డాడు. ఏడవడానికి సిగ్గుపడలేదు. సామి తుండుగుడ్డ ఉండనే ఉంది.

లాలప్ప నారికి అంటిన చివరి దూది పోగు తీసేశాడు. ఆనక, చాలా రోజులుగా అడగాలనుకున్న పని సంగతి అడుగుతున్నట్టు అడిగాడు.

"నా పేరు గీకలేదేంరా? గీకకుండా పూస్తే అంచులు తేలవా? అట్లనా నేను నేర్పింది?"

"గీకను చెయ్యి రాలేదన్నా."

చావడిలో ఎగిరిన దూది ఇంకా నేలకు దిగుతోంది. లాలప్ప తమ్ముడి వంక చూశాడు. కొయ్యగుండు పక్కన పెట్టాడు.

"తిన్నావా ఏమన్నా?" అన్నాడు.

రెండు రోజుల తర్వాత అన్నదమ్ములిద్దరూ దర్గా దగ్గర బస్సు దిగారు. సామి అన్నంత పనీ చేశాడు. ఎండకు కందిపోయిన మొహంతో, బూడిద చేతులతో కుర్చీ పక్కనే ఉన్నాడు. లాలప్ప ఎవరని అడగలేదు.

"రాండి నాయనా. చూడండి, నా కండ్లకు సరిగ్గా ఆనదు" అన్నాడు.

లాలప్ప సంచిలో నుంచి ఏకిన దూది గుప్పెడు తీసి, మరక మీద పెట్టి అరచేత్తో అదిమాడు. తీసి చూశాడు. దూది మీద లేతపసుపు నీడ.

"ఇంకా ఉందన్నా" అన్నాడు సిలారు కంగారుగా. "ఇంకో రెండు పొద్దులు..."

"ఇంత ఉంటాదిలే" అన్నాడు లాలప్ప. "ఇది పోవాలంటే చెక్క పోవాల. దీని మీద రంగు నిలుస్తాది."

లప్పం ఈసారి పగుళ్ళకే పెట్టారు. చేతుల మీద అరిగిన పల్లాలు అరిగినట్టే ఉంచారు. సిలారు రంగు వేశాడు, పలచగా రెండు పూతలు. అంచు గీత దగ్గరికి వచ్చేసరికి బ్రష్షు బంగారు రంగులో ముంచి, అన్న ముందు పట్టుకుని నిలబడ్డాడు.

"నాకెందుకురా" అన్నాడు లాలప్ప.

"వెయ్యన్నా."

లాలప్ప ఊపిరి బిగబట్టాడు. గీత పైపలక ఈ చివర మొదలై, అలలు అలలుగా, ఒకచోట లావై ఒకచోట సన్నమై, ఆ చివరకు చేరింది. ఆయన ఊపిరి వదిలాడు. సిలారు చెయ్యి అలవాటుకొద్దీ తుడుపుగుడ్డ మీదికి పోయింది. గుడ్డను ఎత్తింది కూడా. కాసేపు అట్లాగే ఉండి, ఆ గుడ్డను భుజాన వేసుకున్నాడు.

కుర్చీ మూడు పొద్దులు ఎండలో ఉంది. ఉరుసు ముందురోజు సాయంత్రం సామి పలక మీద చెయ్యి వేసి నిమిరి చూశాడు. పొడిగా, వెచ్చగా ఉంది. ఒక్క బొబ్బ లేదు.

ఉరుసు పొద్దున దర్గా వాకిలి నిండా జనం. తప్పెట్లు, అగరుధూపం, బెల్లం అన్నం వాసన. కొత్త తలకుర్చీని చూసి, గీత ఏంది వంకరపోయింది అని ఒకరిద్దరు అన్నారు. మా అన్న వేసినాడు అన్నాడు సిలారు, అందరికీ వినబడేటట్టు. అడగనివాళ్ళకూ చెప్పాడు.

సామి దీపం దగ్గర నుంచి అతన్ని వేలితో పిలిచాడు. కుర్చీ తయారైన పొద్దు మాట చెప్తాననింది గదా. సిలారు పోయి చెవి అప్పగించేటట్టు ముందుకు వంగాడు.

సామి ఆముదంలో రెండు వేళ్ళు ముంచి, అతని నడినెత్తిన అద్దాడు. అద్ది, కుర్చీ వైపు చూపించాడు.

సిలారు గాబరాపడ్డాడు. "సామీ, కొత్త రంగు! నూనె అంటుతాది."

"కూర్చునేకే గదప్పా కుర్చీ" అన్నాడు సామి.

సిలారు కూర్చున్నాడు. కొంచెంసేపు మెడ బిగబట్టి, పలకకు తగలకుండా ఉంచాడు. తర్వాత తల వెనక్కి ఆనింది.

తప్పెట్లు అట్లా పోయి ఇట్లా వచ్చాయి. గడప బయట చెప్పులు కుప్పలుగా, వంకరటింకరగా పడి ఉన్నాయి. ఒక మేక నిజంగానే లోపలికి వచ్చి, లాలప్ప సంచిని వాసన చూసి పోయింది.

చాలాసేపటికి అతను కళ్ళు తెరిచాడు. సామిని ఏదో అడగాలి. ఏం అడగాలో గుర్తు రాలేదు. అన్న గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"అన్నా, లోపలికి రా" అన్నాడు సిలారు.